పట్టీ

తవిటినాయుడు సంచి విప్పి
మొజాయిక్ మీద పరిచాడు అయిదు ముక్కలు.
జానెడేసి పొడవు.
ఒకటి బంగారు రంగు, ఒకటి వెండి,
ఒకటి చెక్కలాగా నటించే ప్లాస్టిక్,
ఒకటి నల్ల రబ్బరు.
అయిదోది ఎవరో వద్దని వెనక్కిచ్చేసింది, అంచున సొట్ట.

"పట్టీ ఏది కావాలో నువ్వే సూసుకో అప్పా.
ఏడు రోడ్ల కాడ షాపులో ఇంకా ఉన్నాయి గాని
అన్నీ ఈటి అప్పసెల్లెళ్ళే."

పట్టీలు మా అమ్మ నాకెప్పుడూ కొనలేదు.
చప్పుడుకి జనం కాలు చూస్తారని.

అటు కుట్టుగది, తేనె రంగు లామినేట్,
మిషను కింద ఇంకా రంపపు పొట్టు వాసన.
ఇటు హాలు, నల్లచుక్కల పాత మొజాయిక్.
నడుమ వేలు పట్టే సందు.

ఇరవై రెండేళ్ళుగా అంచులతోనే నా బతుకు.
పొందూరు ఖద్దరు అంచుకి ఏ నంబరు దారం,
జాకెట్టు మెడకి పైపింగ్ ఎంత లావు,
ఫాల్ ఎక్కడ మడిస్తే కుచ్చిళ్ళు జారవో
కళ్ళు మూసుకుని చెప్తాను.
ఈ అంచు మాత్రం కొత్త.

"ఈ సందేటి, తప్పు కోసీసినావా?" అన్నాను.
నవ్వాడు.
"తప్పు కాదప్పా. సెక్క కదా.
నాగావళికి నీరొచ్చిన నెలల్లో ఒళ్ళు సేస్తాది,
మాఘానికి సిక్కిపోతాది.
గోడకాడా ఒగ్గాల, గుమ్మంకాడా ఒగ్గాల.
ఒగ్గకపోతే నడుం ఎత్తీస్తాది."

నేను కుట్టే ప్రతి జాకెట్టు లోపలా
రెండు వేళ్ళ గుడ్డ వదుల్తాను,
పెళ్ళికూతుళ్ళకి మూడు.
ఆ సంగతి అతనికి చెప్పలేదు.
చెప్పకుండానే ఇద్దరం
ఒకే బళ్ళో చదువుకున్నవాళ్ళం అయిపోయాం.

బంగారు రంగుదే అందరూ వేయిస్తారట.
పక్కవీధి లెక్చరర్ గారింట్లోనూ అదేనట.
సందు మీద పెట్టి చూపించాడు.
మెరిసింది, పిల్లి వెన్ను విరుచుకున్నట్టు.
లేచి నడిచాను.
రెండో అడుక్కి ఎడమకాలి బొటనవేలు
దానికి కొట్టుకుంది.

ఆ కాలు పెద్దగా పైకి లేవదు.
మూడేళ్ళప్పటి జ్వరమొకటి
దాని వాటా ఎదుగుదల పట్టుకుపోయింది.
నేలని రాసుకుంటూ వెనకాలే వస్తుంది.
అందుకే ఈ ఊళ్ళో ఏ గడప ఎంతెత్తో
మున్సిపాలిటీ కన్నా నాకు బాగా తెలుసు.
బ్యాంకు మెట్టు,
ఆర్టీసీ కాంప్లెక్స్‌లో లేచిపోయిన బండ,
దారాల కొట్టు గుమ్మంలో ఇనప చట్రం,
అన్నిటికీ తలా ఒక గోరు సమర్పించుకున్నాను.

తవిటినాయుడు నా మొహం చూడలేదు.
కాలు చూసి, చూడనట్టు టేపు తీసి
అటొకసారి, ఇటొకసారి ఎత్తు కొలిచాడు.
"ఎనిమిది మిల్లీమీటర్లు తేడా ఉంది" అన్నాడు,
అదేదో తను చేసిన నేరమైనట్టు.

అప్పుడు తీశాడు సొట్టముక్క.
ఒక పక్క మందం. రెండో పక్క
ఏటవాలుగా పల్చబడి పల్చబడి
పాత వంతెన కింద ఇసక నీళ్ళలోకి దిగినట్టు
నేలలోకి దిగిపోతుంది.
రంగు మాత్రం ఉప్పుచేప తోలు.
"ఇది ఇళ్ళకి ఎవులూ ఏయించుకోరప్పా.
ఆసుపత్రులకి ఏస్తాం."
"ఇంటికేస్తే ఇల్లు కోప్పడతాదేటి?"

మధ్యాన్నం కొత్తది తెచ్చాడు, సొట్ట లేనిది, మూడడుగులు.
స్క్రూలన్నీ మొజాయిక్ వైపే బిగించాడు.
చెక్క వైపు ఒక్కటీ కొట్టలేదు,
దాని మానాన దాన్ని ఒగ్గీయాలట.

బిగించేముందు సందులోకి టార్చి వేసి చూశాను.
మూడు గుండుసూదులు, నీలం దారప్పోగు,
నాలుగు కన్నుల తెల్ల గుండీ.
సూదులు అయస్కాంతానికి వచ్చాయి.
గుండీ రానంది.
ఉండనీ అన్నాను.

రాత్రి వాన. కరెంటు పోయింది.
మిషను మీంచి లేచి మంచినీళ్ళకి వచ్చాను.
గది ఎక్కడ అయిపోయిందో
హాలు ఎక్కడ మొదలైందో
కాలు నాకు చెప్పలేదు.
గ్లాసు చేత్తో పట్టుకునే
చీకట్లో వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చాను,
మళ్ళీ వెళ్ళాను,
ఊరికే.